దిద్దకుండా వదిలేసిన గేటు

ఆకుపచ్చ అని రాశాను, నిజానికి ఆ గేటు నీలం, అశోక్‌నగర్‌లో ఆ సందు ముందు నుంచి ఒక్కసారి నడిచినవాడికైనా తెలుస్తుంది, అయినా ఆకుపచ్చ అనే రాశాను, మహిత వచ్చి దిద్దుతుందని, ఎప్పుడూ దిద్దుతుంది, నేను పొద్దున రాసింది సాయంత్రం తను డ్యూటీ ఎక్కగానే దిద్దేస్తుంది, ఈసారి మాత్రం వారం కావస్తున్నా గేటు ఆకుపచ్చగానే ఉంది, నాకేమో ఏ పనీ సాగడం లేదు, ఎవరైనా వింటే నవ్వుతారు, గేటు రంగు కోసం అన్నం సహించనివాడిని నన్నే చూడాలి, మాది ఇళ్లకు వెళ్లి రక్తం శాంపిళ్లు తెచ్చే ల్యాబ్, ఆఫీసు వికీలో గల్లీకో పేజీ ఉంటుంది, మాలో ఎవరైనా తెరిచి చదవొచ్చు, తెలిసింది చేర్చొచ్చు, తప్పుంటే దిద్దొచ్చు, ఏ అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ పనిచేయదు, ఎక్కడ బండి పెడితే వాచ్‌మన్ అరుస్తాడు, ఏ ఇంట్లో పెద్దావిడ సూది చూస్తే చిన్నపిల్లలా ఏడుస్తుంది, అన్నీ అందులోనే, పొద్దుటి పూట అశోక్‌నగర్ ఆఫీసులో నేను, సాయంత్రం పూట నారాయణగూడ బ్రాంచిలో మహిత, ఒకరినొకరం చూసుకోకుండానే ఒకే పేజీ రాస్తుంటాం.

చూసుకోకుండా అంటే అబద్ధం, ఒకసారి చూసుకున్నాం, వికీ నేర్పడానికి రెండు బ్రాంచీల వాళ్లనూ కూర్చోబెట్టిన రోజు పక్క కుర్చీ తనది, ఏది మార్చినా ఎందుకు మార్చామో ఈ చిన్న గడిలో రాయాలండీ, పాత మాట ఎక్కడికీ పోదు, కిందే ఉంటుంది, కావాలంటే మళ్లీ తెచ్చుకోవచ్చు అని ఓపిగ్గా చూపించింది, సాయంత్రం నారాయణగూడ ఫ్లైఓవర్ కింద మిరపకాయ బజ్జీల బండి దగ్గర నిలబడ్డాం, తన బజ్జీలో ఉల్లిపాయలన్నీ ఏరి నా కాగితంలో వేసి మీరు తింటారుగా అంది, నేను తినను, తిన్నాను, ఆ తర్వాత ఫోన్ నంబరు అడిగే ధైర్యం లేక తప్పులు రాయడం మొదలుపెట్టాను, మొదటి తప్పు నిజంగా తప్పే, ఒక టైలర్ షాపును అవతలి సందులో పెట్టాను, గడిలో మహిత రాసింది, షాపు ఇవతలి సందులోనే ఉందండీ, మీరు మాట్లాడుతూ నడుస్తారేమో అని, అంత చిన్న మాటకు రోజంతా నవ్వుకున్నాను, ఇక చూసుకోండి, గోడ రంగులు, కిరాణా కొట్టు బోర్డులు, టీ బంకులు, ఇంటి నంబరు, అంతస్తు మాత్రం ఎప్పుడూ ముట్టలేదు, అంత సిగ్గులేనివాణ్ణి కాదు.

కానీ ఇవాళ పొద్దున్నే నగేష్ ఫోన్ చేశాడు, శాంపిళ్లు తెచ్చేది అతనే, అఖిలన్నా, పచ్చ గేటు అని రాసిన్రు, గీడ ఒక్కటన్న పచ్చది లేదు, నీలం గేటు ముంగట నిలబడి పచ్చ గేటు కోసం దేవులాడిన, పెద్దమనిషి పరగడుపున కూసున్నడు పాపం, మహితక్క ఉంటే ఎప్పుడో సరిచేస్తుండె, ఏమైంది అక్కకు అన్నాడు, ఏమో నగేష్, నాకేం తెలుస్తది అన్నాను, మధ్యాహ్నం మా మేనేజర్ మాధురి మేడమ్ చెప్పింది, మహితను సోమవారం నుంచి మియాపూర్ బ్రాంచికి పంపుతున్నం, సాయంత్రం పేజీలు ఇగ పవన్‌కుమార్ చూస్తడు, అని, అంటే ఇక నేను గేటుకు ఏ రంగు వేసినా పవన్‌కుమారే దిద్దుతాడు, మంచివాడే, కానీ గడిలో సవరించబడినది అని రాస్తాడు.

చిక్కడపల్లి చౌరస్తాలో జనం, హారన్లు, మల్లెపూల గంప, మా గల్లీ మొదట్లో ఆగి ఫోన్ తీశాను, మా గల్లీ పేజీలోనే కొత్త మార్పు, మహిత చేసింది, గల్లీ చివర మిరపకాయ బజ్జీల బండి ఉంది, ఏడింటికి వేడిగా వేస్తాడు, అని, మా గల్లీ చివర ట్రాన్స్‌ఫార్మర్ తప్ప ఏమీ లేదు, పుట్టినప్పటి నుంచీ ఇక్కడే ఉన్నాను, ఆ బండి నారాయణగూడలో కదా, తన బ్రాంచి ఎదురుగానే కదా, ఎక్కడ తిన్నామో కూడా మరిచిపోయిందన్నమాట, ఉల్లిపాయలు తిన్నవాడికి గుర్తుంది, వేసినావిడకు లేదు, సరే దిద్దేద్దామని వేలు పెట్టాను, అప్పుడు కనబడింది చిన్న గడిలో తన మాట, సరో కాదో మీరే వచ్చి చూసి చెప్పండి.

వచ్చి అంటుందేమిటి, నేనుండేదే ఈ గల్లీలో, తనకూ తెలుసు, ఆ రోజు బజ్జీలు తింటూ చెప్పాను, ఇక్కడికి నేను కొత్తగా రావడమేమిటి, ఎదురింటి పద్మక్క డాబా మీది నుంచి ఏందిరా అఖిల్, గల్లీల నిలబడి నవ్వుతున్నవ్ అంటోంది, నవ్వుతున్నానా, ఏం లేదక్కా, టీ బంకు పక్క సందులోకి జరిగితే పట్టేసిన మనిషి బజ్జీల బండిని ఇంత దూరం ఎందుకు తోసుకొచ్చిందో ఇప్పుడు తెలుస్తోంది, గేటు సంగతి ముందు తేల్చాలి, నీలం అని మార్చి, గడిలో తప్పు నాదే, కావాలనే రాశాను అని పెట్టాను, నగేష్ చదివినా పరవాలేదు, బండి జోలికి మాత్రం పోలేదు, దాన్ని ఫోన్లో దిద్దను, ఇంటికి తిరగకుండా నారాయణగూడ వైపు నడుస్తున్నాను, ఏడు కావస్తోంది, గేటు నీలమని నాకు తెలుసన్న సంగతి తనకు ఎప్పటి నుంచో తెలుసు, నా తప్పులన్నీ తెలిసే ఇన్నాళ్లూ దిద్దింది, తెలిసే ఈ గేటును వదిలేసింది, ఇప్పుడు తప్పు రాయడం తన వంతు, వెళ్లడం నా వంతు.