కిటికీ పక్కన, ఇద్దరికి

బేబి స్కేలు కిందికి జరిపి ఇంకో గీత గీసింది. తెల్ల ఠావు మీద గీతకి ఎడమపక్క టైము, కుడిపక్క ఊరి పేరు, దాని కింద అక్కడ ఏం చెయ్యాలో గుండ్రటి అక్షరాల్లో.

"శుక్రవారం పొద్దున్న పదిన్నర. బరోలో అనే ఊరు. వైను చేసేవాళ్ళ ఇల్లు. ముందు తోట చూపిస్తారు. తర్వాత నేలమాళిగలో పీపాలు చూపిస్తారు. ఆఖర్న నాలుగు గ్లాసుల్లో అడుగున కాస్త కాస్త పోసి ఇస్తారు."

అక్కడ పెన్ను ఆపి, కళ్ళజోడు పైకి నెట్టుకుని, "అక్కర్లేనిది పక్కనే పెట్టిన కూజాలో పారబొయ్యొచ్చు. ఎవరూ ఏమీ అనుకోరు" అని కలిపింది. తను రాసింది తనే చదువుకుని నవ్వుకుంది.

అమలాపురం బస్టాండుకి కూతవేటు దూరంలో, మందుల షాపు మీద మేడగది ఆ ట్రావెల్ ఆఫీసు. గోడలకి విమానాల కేలండర్లు. తలుపు దగ్గర చెక్కబెంచీ, ఎందరెందరో కూచుని కూచుని అద్దంలా నున్నబడిపోయింది. మే నెల కావడంతో ఫ్యాను వేడిగాలినే తిప్పి తిప్పి కొడుతోంది. కాగితాలు ఎగరకుండా బేబి వాటి మీద తన టిఫిను డబ్బా పెట్టింది. డబ్బా సర్దింది ఆమె భర్త చిట్టిబాబు. మురమళ్ళలో టైలరు. పొద్దున్న బస్సెక్కించేటప్పుడు, "ఇవాళైనా మీ ఇటలీ హోటలువాడు ఫోనెత్తి మాట్లాడతాడంటావా?" అని అడిగి మరీ పంపించాడు. పదిరోజులుగా ఆ ఇంట్లో అదే కబురు.

బేబికి యాభై నాలుగేళ్ళు. ఏడుగురు పిల్లల్లో ఆఖరిది. మంచి పేరు ఆలోచిస్తూండగానే బళ్ళో వేసే వయసొచ్చేసింది. అప్పటిదాకా ఇంట్లో పిలిచే పిలుపునే మాస్టారు రిజిస్టరులో ఎక్కించేశారు. పొట్టి మనిషి, బొద్దుగా ఉంటుంది. కుడిచేతి చూపుడువేలికి ఎప్పుడూ సిరా మరక. కంప్యూటరు వచ్చి ఇన్నేళ్ళయినా ముఖ్యమైనది ఏదైనా ముందు చేత్తో రాసుకుంటేగాని ఆమెకి నమ్మకం కుదరదు.

ఈ కుర్చీలోకి ఆమె వచ్చింది కూడా ఆ చేతిరాత వల్లే. ఇరవై నాలుగేళ్ళ కిందట, కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళడానికి పాస్‌పోర్టు పట్టుకుని ఇదే బెంచీ మీద కూచుంది. పక్కన కూచున్న సన్నటి నల్లటి అమ్మాయి, "నాకు రాయడం రాదండీ, కాస్త నింపి పెడతారా?" అని ఫారం చాపింది. బేబి ఆ అమ్మాయిది నింపింది. అది చూసి మరొకరు, ఆ పైన ఇంకొకరు ఇచ్చారు. యజమాని ప్రభాకరరావుగారు గదిలోంచి వచ్చి ఆమె నింపిన పదకొండు ఫారాలూ తిరగేసి, "అమ్మా, నువ్వు కువైట్ వెళ్ళడం ఎందుకు? రేపట్నించి ఇక్కడికే వచ్చెయ్యి" అన్నారు. బేబి ఉండిపోయింది. ఆ సన్నటి అమ్మాయి వెళ్ళిపోయింది. ఆమె పేరు పైడమ్మ.

అప్పట్నించీ బేబి రాసిన టిక్కెట్లకి లెక్కలేదు. కువైట్, మస్కట్, దోహా. ఆ బెంచీ మీద కూచున్నవాళ్ళు అడిగే ప్రశ్నలన్నీ ఒక్కలాంటివే. "దిగేక ఎవరైనా బోర్డు పట్టుకుని వస్తారాండీ?" "పాస్‌పోర్టు వాళ్ళకి ఇచ్చెయ్యాలాండీ?" విమానం తలుపు దాకానే బేబి పని. ఆ తర్వాత మనిషి ఏం తింటాడో, ఏం చూస్తాడో ఎవరూ అడగలేదు. ఆమె ఆలోచించనూ లేదు.

కిందటి నెల పైడమ్మ వచ్చి అడిగింది. "వదినగారూ, మధ్యాహ్నం పూట ఎక్కడ తింటే బాగుంటుందో కూడా మీరే చూసి పెట్టాలండి."

పైడమ్మ కువైట్‌లో పంతొమ్మిదేళ్ళు చేసింది ఒకే ఇంట్లో వంట. ఆ ఇంటావిడ లూచియా మేడం ఇటలీ మనిషి. మొగుడు చమురు కంపెనీలో ఇంజనీరు. వంటగదిలో పొయ్యి ఎదుట ఆవిడ పుట్టిన కొండ ఊరి ఫొటో ఉండేది. కొండ నిండా దువ్వెనతో దువ్వినట్టు ద్రాక్షతోటలు, కొనకొమ్మున మూడు కిటికీల చిన్న హోటలు. ఆ హోటలు ఆవిడ చిన్నాన్నది. బెంగ పుట్టినప్పుడల్లా మేడం వంటగదిలోకి వచ్చి, ఆ హోటల్లో ఏ పూట ఏం వండుతారో, ఏ కిటికీలోంచి ఏ తోట కనిపిస్తుందో చెప్పుకునేది. పైడమ్మ ఉల్లిపాయలు తరుగుతూ వినేది. మేడం పోయి మూడేళ్ళయింది. పైడమ్మ పని మానేసి ఇంటికొచ్చి రెండేళ్ళు.

"ఆ కిటికీ దగ్గర ఒక్కపూట కూచుని భోంచెయ్యాలనుందండి, ఎవరైనా వడ్డిస్తే" అంది.

అదీ సంగతి. బేబి ఆ రోజునించి ఇటలీ మీద పడింది. సాయంత్రాలు కంప్యూటరులో ఆ రోడ్ల బొమ్మలు చూసి చూసి, ఆల్బా పట్నంలోంచి కొండెక్కే దారిలో పెట్రోలు బంకు ఎక్కడొస్తుందో కూడా చెప్పగలిగేలా అయింది. వైను ఇళ్ళకి ముందుగా రాయకుండా వెళ్తే గేటు తియ్యరని తెలుసుకుంది. మధ్యాహ్నం రెండు దాటితే ఏ హోటల్లోనూ పొయ్యి మీద ఏమీ ఉండదని తెలుసుకుంది. వారం రోజులకీ అన్నీ కుదిరాయి, ఒక్కటి తప్ప. ఆ మూడు కిటికీల హోటలు. ఆరే ఆరు బల్లలు. మెయిలు రాస్తే జవాబు లేదు. ఫోను చేస్తే ఒకాయన ఎత్తి ఏదో అని పెట్టేస్తాడు. అక్కడికి వాళ్ళు చేరేది గురువారం. ఒక్క గురువారం తప్ప మరో రోజు కుదరదు. మంగళ, బుధవారాలు ఆ హోటలుకి సెలవు. ఇవాళ సోమవారం. సాయంత్రం అయిదింటికి వాళ్ళ ప్రయాణం.

ఒంటిగంటకి మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. ముందు పైడమ్మ, వెనకాల రెండు సంచులు మోసుకుంటూ ఆమె భర్త నాగదుర్గాప్రసాద్. మస్కట్‌లో ఇరవై ఎనిమిదేళ్ళు క్రేను నడిపిన మనిషి. బారెడు భుజాలు, మాట మాత్రం గొంతు దాటి రాదు. పెళ్ళయి ముప్పై ఒక్కేళ్ళయినా మొగుడూ పెళ్ళాం ఒక్క కప్పు కింద ఉన్నది ఎంతకాలమో వాళ్ళకంటే బేబికే బాగా తెలుసు. ఆయన సెలవుకి వచ్చేసరికి ఈమె విమానం ఎక్కేసేది. ఒకసారి బేబి ఇద్దరి టిక్కెట్లూ అటు జరిపి ఇటు జరిపి పద్దెనిమిది రోజులు కలిపింది. ఈ ఉద్యోగంలో తను చేసిన ఘనకార్యం అదేనని ఆమె లోలోపల అనుకుంటుంది. ఇద్దరూ ఎన్నెన్ని విమానాలు ఎక్కారో! ఒక్కసారీ కలిసి ఎక్కలేదు. మొన్న ఇద్దరి పేర్లూ ఒక టిక్కెట్టు మీద టైపు చేస్తుంటే బేబికే సిగ్గులాంటిది వేసింది.

"కూచోండన్నయ్యగారూ" అంది.

"ఆయ్" అని ఆయన బెంచీ చివర సర్దుక్కూచున్నాడు. "వైను తాగకపోతే వాళ్ళు ఊరుకుంటారాండీ? నాకు షుగరుంది కదండీ."

"వాసన చూసి బాగుందంటే చాలండి. అందుకే రోజుకి రెండు చోట్ల కంటే పెట్టలేదు నేను."

ఆయన కాస్త ముందుకి వంగాడు. "మరి… అన్నం?"

బేబి ఆ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు మూడో ఠావు తీసింది. "ఆ పక్క జిల్లాలో వరే పండిస్తారటండీ. కాలవలు తవ్వి, మనలాగే చేలకి నీళ్ళు పెట్టి. ఈ నెలలో చేలన్నీ నీళ్ళతో నిండి ఉంటాయట. శనివారం అటు తిప్పమని డ్రైవరుకి రాసేను. మధ్యాహ్నం భోజనం ఆ బియ్యంతో వండిందే."

"కాలవలున్నాయాండీ అక్కడ!" అన్నాడు ఆయన. మొహం చాటంత అయింది. ఇటలీ ఒక్కసారిగా పక్కనున్న కొత్తపేట అవతలికి వచ్చేసినట్టు కాళ్ళు చాపుకుని కూచున్నాడు.

ఒంటిగంటన్నరయింది. అక్కడ పొద్దున్న పది. బేబి గొంతు సవరించుకుని నంబరు నొక్కి, అందరికీ వినపడేలా ఫోను బల్ల మీద పెట్టింది. రెండోసారి మోగగానే మగగొంతు పలికింది. "ప్రొంతో!"

"గుడ్ మార్నింగ్, ప్రొంతోగారూ" అంది బేబి వినయంగా.

పైడమ్మ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఊగిపోతున్నాయి. "వదినగారూ, అది ఆయన పేరు కాదండీ! వాళ్ళు హలో అని అలాగే అంటారు."

"అయ్యో రామ! పదిరోజుల్నించీ ఆయన్ని ప్రొంతోగారూ ప్రొంతోగారూ అంటున్నానే!" బేబి ఫోను ఆమె వైపు తోసింది. "మీరే మాట్లాడండి."

పైడమ్మ నవ్వు ఆగిపోయింది. "నాకేం వచ్చండీ? వంటింటి మాటలేగా."

"మాట్లాడండి, పెట్టేస్తాడు!"

పైడమ్మ లేచి నిలబడింది. కొంగు నడుముకి దోపుకుంది, చేతులు రెండూ కట్టుకుంది. పంతొమ్మిదేళ్ళు ఆ భాషని ఆమె నిలబడే మాట్లాడింది. అందులో ఆమెకి వచ్చినవన్నీ జవాబులు. ఇప్పుడే తెస్తానండి. వేడిగానే ఉందండి. ఇంకొంచెం వెయ్యనాండీ. "నాకు కావాలి" అనే మాట ఎప్పుడూ అవసరం పడలేదు. మేడం ఫోనులో పూలకొట్టువాడితో అనే మాట ఆమె చెవిలో ఎక్కడో ఉంది. దాన్ని వెతుక్కుంటోంది. ఫోనులో ఆయన మళ్ళీ "ప్రొంతో?" అన్నాడు, ఈసారి విసుగ్గా.

బేబి ఆమె చెయ్యి పట్టుకుని కుర్చీలోకి లాగింది. "కూచుని అడగండి" అంది మెల్లిగా.

కూచున్నాక మాట దొరికింది. "వొర్రెయి" అంది పైడమ్మ. అంటే నాకు కావాలి అని. "వొర్రెయి… ఒక బల్ల. ఇద్దరికి. గురువారం." ఆ భాషలో ఒక్కో మాటా నిప్పులమీంచి కూర దించుతున్నట్టు జాగ్రత్తగా దించింది. అవతలి గొంతు మారిపోయింది. గబగబా ఏదో అడిగింది. ఆమె జవాబు చెప్పింది. అది నవ్వింది. ఈమె నవ్వింది. పేరడిగితే "పైడమ్మ" అంది. ఆయన పలకలేక మూడుసార్లు తంటాలు పడ్డాడు. ఆఖర్న ఆమె "ఫినెస్ట్రా" అని ఏదో అడిగి, ఫోను మీదికి వంగింది. అవతల కాగితాలు తిప్పిన చప్పుడు. తర్వాత "సీ, సీ, సిన్యోరా" అని జవాబు.

ఫోను పెట్టేసి ఆమె నడుముకి దోపిన కొంగు లాగేసింది.

"ఏమన్నాడండీ?" అంది బేబి.

"ఒంటిగంటకి రమ్మన్నాడండి. కిటికీ పక్కన ఇస్తాడంట." కళ్ళు తుడుచుకుంది. "నన్ను సిన్యోరా అన్నాడు వదినగారూ. అంటే అమ్మగారూ అనండి. ఆ మాట అనడమేగాని అనిపించుకోలేదండి నేను."

నాగదుర్గాప్రసాద్ లేచి వెళ్ళి కుండలోంచి గ్లాసెడు నీళ్ళు ముంచి తెచ్చి భార్య చేతిలో పెట్టాడు. ఆ గ్లాసు చాలా చిన్నదిగా కనిపించింది ఆయన వేళ్ళ మధ్య.

"మరి మేడం పేరు చెప్పలేదేమండీ?" అడిగింది బేబి. "వాళ్ళ చిన్నాన్న కొడుకే అయ్యుంటాడు కదా."

"చెప్తే వంటమనిషినని తెలిసిపోద్దికదండీ. లోపలికి రమ్మంటారు, వంటిల్లు చూడమంటారు, నేను గరిటె పుచ్చుకుంటాను." పైడమ్మ నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టింది. "ముందు సుబ్బరంగా భోంచేస్తాను. చెయ్యి కడుక్కున్నాక చెప్తానండి."

బేబి పెన్ను తీసింది. పదిరోజులుగా ఖాళీగా ఉన్న గడిలో, "గురువారం మధ్యాహ్నం ఒంటిగంట. కిటికీ పక్కన, ఇద్దరికి" అని రాసింది. కొంచెం ఆలోచించి, "తొందర లేదు. నాలుగింటి దాకా ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు" అని దాని కింద రాసింది. అసలు మూడింటికి ఒక వైను ఇల్లు పెట్టింది. దాన్ని శుక్రవారం సాయంత్రానికి జరుపుతూ అప్పటికప్పుడే వాళ్ళకి మెయిలు కొట్టింది. ఆ తర్వాత టిఫిను డబ్బా విప్పి ముగ్గురికీ వడ్డించింది. చిట్టిబాబు పెట్టిన మామిడికాయ పప్పు, వడియాలు. నాగదుర్గాప్రసాద్ ఆ మూడు ఠావులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, వేలు పెట్టి చదువుతూ, కూజాలో పారబొయ్యడం దగ్గర పకపకా నవ్వాడు. ఆయన నవ్వు అంత పెద్దదని బేబికి ఆ రోజే తెలిసింది.

అయిదింటికి కారొచ్చింది. రాజమండ్రి దాకా కారు, అక్కణ్ణించి హైదరాబాదుకి రైలు. బేబి మెట్లు దిగి కింద దాకా వచ్చింది. ఆ మెట్ల దగ్గర ఆమె ఎన్నో ప్రయాణాలు చూసింది. పిల్లలు కాళ్ళు చుట్టేసుకోవడం, ఆడవాళ్ళు స్తంభం పట్టుకుని ఏడవడం, మందుల షాపువాళ్ళు తల తిప్పేసుకోవడం. ఇవాళ షాపువాళ్ళు బయటికొచ్చి నిలబడి నవ్వుతున్నారు, ఎందుకంటే విమానంలో కిటికీ పక్క సీటు నీకంటే నీకని మొగుడూ పెళ్ళాం కారు దగ్గరే తగువులాడుకుంటున్నారు.

"ఫొటో తీసి పంపించండి" అంది బేబి.

"ఏం తిన్నానో కూడా రాస్తానండి. ఆయన రాస్తారు, నేను చెప్తాను."

కారు డిక్కీ మూయబోతూంటే పైడమ్మ ఆగమంది. పెద్దసంచీ జిప్పు లాగి, చీరల అడుగునించి చెయ్యి పెట్టి వెతికి, పాత తువ్వాల్లో చుట్టిన ఏదో బరువైనది బయటికి లాగింది. మొగుడు, "అదేంటే, దారిలో పనికొస్తుందన్నావుగా?" అన్నాడు.

"అక్కర్లేదు" అంది పైడమ్మ. దాన్ని బేబి చేతుల్లో పెట్టింది. "మీ దగ్గర ఉంచండి వదినగారూ. వచ్చేక తీసుకుంటాను. తీసుకోకపోయినా పర్లేదు."

కారు గడియారస్తంభం వైపు తిరిగేదాకా బేబి చూసింది. పైకి వచ్చి ఆ మూటని తన బల్ల మీద, స్కేలు పక్కన పెట్టింది. ఆఖరి బస్సుకి ఇంకా టైముంది. ఫ్యానుగాలికి తువ్వాలు మెల్లిగా విప్పుకుంది. లోపల, ఇద్దరికి సరిపోయే చిన్న రైస్ కుక్కరు. వైరు నీటుగా చుట్టి, మూత మీద గరిటెని రబ్బరు బ్యాండుతో బిగించి కట్టి ఉంది.