వీధిలో మిగిలిన మోకాళ్లు

తమిళనాడు కోవిల్‌పట్టిలో ఆ వీధి ఆడవాళ్లు పొద్దున పని తెమలగానే నేలమీద చతికిలబడి అగ్గిపెట్టెల కంపెనీకి అగ్గిపుల్లలు చట్రాల్లో పేరుస్తారు. మాయక్కాళ్ కూడా కాపురానికొచ్చిన నాటినుంచీ అదే పనిలో ఉంది.

పందొమ్మిదివందల తొంభైల్లో మోకాలు మార్పించుకోవడమంటే వింత. మిల్లు ఓనరు తల్లి రాజమ్మాళ్ మదురై పోయి ఇనుప మోకాళ్లు వేయించుకొస్తే వీధంతా చూడబోయింది. ఆమెను వదిలిన నొప్పి వచ్చి పక్కింటి అరుగు మీద కూర్చుంది. అది కూర్చున్న చోట రాయి వెచ్చబడింది. వారం తిరక్కుండా ఆ ఇంటి కృష్ణమ్మాళ్ కుంటసాగింది. నొప్పికీ ఉండను చోటు కావాలి గదా అనుకున్నారంతా.

తర్వాత విరుదునగర్‌లోనే ఆ ఆపరేషన్ వచ్చింది. కృష్ణమ్మాళ్ చేయించుకుంది, ఆమె పక్కింటివాళ్లు చేయించుకున్నారు. ఏటేటా జనం పెరిగారు, వయసు తగ్గింది. ముసలివాళ్ల తర్వాత యాభై దాటనివాళ్లు కూడా ఆపరేషన్‌కు పోయారు. ఇనుములోకి నొప్పి దూరలేదు. పడుచువాళ్లంతా తిరుప్పూరు పనులకు వెళ్లిపోయారు. రెండువేల ఎనిమిదిలో మాయక్కాళ్ వంతు వచ్చేసరికి వీధిలో మిగిలిన మెత్తటి మోకాళ్లు ఆమె కూతురు సరణ్యవే.

ఆపరేషన్‌కు ముందే పిల్లను శ్రీవిల్లిపుత్తూరులో చెల్లెలు వేలమ్మాళ్ ఇంటికి పంపేసింది.

"ఎన్నాళ్లు ఉండాలమ్మా ఆడ?"

"ఆ నొప్పి విసిగి పోయేదాకా."

అది పోలేదు. మాయక్కాళ్ నిటారుగా నడిచి ఇంటికొచ్చేసరికి సొంత అరుగే వెచ్చగా ఉంది. వానాకాలం వచ్చింది. చినుకు పడ్డచోటే ఆవిరయ్యేది. రాజమ్మాళ్ వచ్చి రాతిమీద చెయ్యిపెట్టి చూసింది.

"పోయేది కాదు మాయక్కా. పిల్ల కోసరం కాసుకోని ఉండాది."

అయితే పిల్ల అక్కడే ఉండనీ అనుకుని మాయక్కాళ్ కూతురి బట్టలు సంచిలో సర్ది శ్రీవిల్లిపుత్తూరు బస్సెక్కింది. బస్సు కిక్కిరిసి ఉంది. అయినా ఆమె పక్క సీటులో ఎవరూ కూర్చోలేదు. కూర్చోబోయినవాళ్లు ఉలిక్కిపడి లేచి నిలబడ్డారు. ఆమె మెల్లగా సీటు తడిమింది. వేడిగా ఉంది. నొప్పికి దారి తనే చూపిస్తున్నానని అప్పుడర్థమైంది.

సగం దారిలో సాత్తూరులో దిగిపోయింది. సంచి వేలమ్మాళ్ ఇంటికి చేర్చమని కండక్టరుకు అప్పగించి, కూతురికి ఫోన్ చేసింది.

"ఏడ ఉండావమ్మా? అన్నం వండినా."

"నేను రాను. నువ్వూ రావద్దు."

"ఎప్పుడొస్తావు మరి?"

మాయక్కాళ్ ఫోన్ పెట్టేసింది. కోవిల్‌పట్టి బస్సు వచ్చింది. ఎవరి ఆసరా లేకుండా మెట్లెక్కి, కిటికీ వైపు జరిగి కూర్చుని, పక్కన నొప్పికి చోటిచ్చింది.