చాటెడు తవుడుకు పిల్లోడు

ఆ వారం కంబదూరు పక్కనున్న ఆ పల్లెకు వాన తప్ప అన్నీ వచ్చాయి. ముఖ్యంగా ఫోన్లకు మెసేజులు వచ్చాయి. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు దిగారట, రోజుకు పదిమంది మాయమవుతున్నారట. ఎవరి పిల్లలయ్యా అంటే ఒక్కరూ చెప్పలేరు. అయినా తిప్పేష్ అనే కుర్రాడు స్నేహితుల్ని వెంటేసుకుని, కట్టె పట్టుకుని ఊరికి కాపలా కాస్తున్నాడు. పనీపాటా లేనివాడికి ఇంతకన్నా పెద్ద ఉద్యోగం ఏముంటుంది?

తిమ్మమ్మ భయం వేరు. కోడలికి ముందు పుట్టిన ఇద్దరు బిడ్డలూ పురుట్లోనే పోయారు. మూడోవాడికి ఇరవై రోజులు. వాడు తుమ్మినా ఆమె గుండె ఆగినంత పనవుతుంది. ఇలాంటి బిడ్డను దక్కించుకోవడానికి పాత పద్ధతి ఒకటుంది. చాటలో పెట్టి, ఊరి చెత్త పోసే పెంటతిప్ప మీద వదిలేయాలి. పరాయి మనిషి ఎత్తుకుపోవాలి. తర్వాత ఆ మనిషికి తవుడు పోసి కొనుక్కోవాలి. వీడు ఈ ఇంటి బిడ్డ కాదనుకుని చావు పక్కకు తప్పుకుంటుందట. ఒకటే షరతు: కొనేదాకా వాణ్ని నావాడు అనకూడదు.

పక్కూరి నుంచి వచ్చి గాజులమ్మే రహమత్‌బీ పరాయి మనిషిగా ఉండడానికి ఒప్పుకుంది. పొద్దున పెద్దలంతా ఉపాధి పనికి పోయాక, తిమ్మమ్మ ఇంకా గడప దాటని మనవణ్ని తిప్ప మీద పెట్టి, ఏడుపు దిగమింగుకుని ఇంటికి తిరిగింది. రహమత్‌బీ చాట ఎత్తుకుని నాలుగడుగులు వేసిందో లేదో తిప్పేష్ బృందం అడ్డం పడింది.

తిమ్మమ్మ తవుడు గిన్నెతో పరుగెత్తుకొచ్చేసరికి ఇరవైమంది కుర్రాళ్లు పోగయ్యారు. ఒకడు వీడియో తీస్తున్నాడు.

"అవ్వా, ఈ పిల్లోడు ఎవురోడు?" అన్నాడు తిప్పేష్.

తిమ్మమ్మ నావాడు అనబోయి ఆపుకుని, "నాకేం తెలుసప్పా" అంది.

"యాడ నుంచి ఎత్తకొచ్చినావు?" అని రహమత్‌బీని గద్దించాడు.

"నా కడుపున పుట్టినోడే" అంది రహమత్‌బీ. ఆమెకు అరవై రెండేళ్లు.

వ్యవహారం తొందరగా తేల్చేద్దామని తిమ్మమ్మ గిన్నె చాచింది. "తవుడు పోస్తా, ఇస్తావా బీబమ్మా?"

"బేరం గూడా మొదలుపెట్టినారు" అని ఎవడో గిన్నెను తన్నాడు. తిప్పేష్ కట్టె పైకి లేపాడు. రహమత్‌బీ వీపు అటు పెట్టి, బిడ్డ మీదికి వంగింది.

ఆ వంగిన వీపు చూశాక తిమ్మమ్మ వల్ల కాలేదు.

"వాడు నా మనవడురా. నేనే పారేసినా, నేనే ఎత్తుకోమన్యా. నీకు తిప్పేషని పేరెందుకు పెట్టినారనుకుంటాండావు? మీ అవ్వ నిన్నూ ఈ తిప్ప మీదే పారేసి కొనుక్కున్యాది."

కట్టె దిగింది. తిమ్మమ్మ మాత్రం కూలబడి ఏడ్చింది. షరతు తప్పింది. నోటితో మనవణ్ని చంపుకున్నానని ఆమె బాధ.

రహమత్‌బీ తాపీగా కొంగు దులుపుకుంది. "ఎవురి మనవడు తిమ్మక్కా? నేను దొంగతనం చేసినానని ఇరవైమంది సాక్ష్యం ఉండారు. వీడియో గూడా ఉండాది. వీడు నీవాడు కాదనేదానికి ఇంకేం కావాల? తవుడు తెచ్చి కొనుక్కో. ఊరికే ఇయ్యను."

తవుడంతా మట్టిపాలైంది. తిప్పేషే తలొంచుకుని ఇంటికి పోయి చాటెడు తెచ్చాడు. "ఇది చాల్దు" అంది రహమత్‌బీ. మళ్లీ పోయి ఇంకో చాట తెచ్చాడు. వీడియో తుడిపించాకే ఆమె బిడ్డను వదిలింది.

తిమ్మమ్మ వాణ్ని ఒళ్లోకి తీసుకుంది. తవుడు దుమ్ముకు వాడు తుమ్మాడు. ఈసారి ఆమె నవ్వింది.