ఏడు ప్రతులకు ఒక తల్లి

“మా శ్రీమతి ధ్యాస ఆ రోజుల్లో పని మీద లేదు. రాశావా?” అన్నారు మా ఆయన, కళ్ళు మూసుకునే.

రాశాను. చెయ్యి రాసేసిన తర్వాతగానీ ఆ శ్రీమతి నేనేనని మనసుకు అందలేదు. ఆయన చెప్పడం, నేను రాయడం నలభై ఆరేళ్ళ అలవాటు. ఆయన చేతికి వణుకు వచ్చాక మొదలైనది కాదు. “నీ అక్షరాలు ముత్యాల్లా ఉంటాయోయ్, నావి కోడి గీకినట్టుంటాయి” అని పెళ్ళయిన కొత్తలో అన్నారు. మెచ్చుకున్నారనుకున్నాను. నన్ను ఉద్యోగంలో పెట్టుకున్నారని తెలియడానికి చాలా కాలం పట్టింది.

రాస్తున్నది ఆయన పుస్తకం మూడో ముద్రణకు ముందుమాట. బైబిల్లోని సువార్తలు చేతులు మారుతూ మన దాకా వచ్చేసరికి ఎంత మారాయి, ఎంత నిలిచాయి, వాటిని చరిత్రగా ఎంతవరకు నమ్మవచ్చు అన్నది పుస్తకం విషయం. క్రైస్తవ వేదాంత కళాశాలల్లో పాఠంగా చెబుతారు. అందులో నాలుగో అధ్యాయానికి పేరొచ్చింది. ఒక సువార్తలో తర్వాత చేర్చారని కొందరు అనుమానించే భాగం ఒకటుంది. అది మొదటినుంచీ ఉన్నదేనని పదకొండు పాత చేతిరాత ప్రతులు, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, సాక్ష్యమిస్తున్నాయని ఆయన వాదన. ఆ పదకొండింటి ఛాయాచిత్రాలనూ భూతద్దం కింద పెట్టుకుని, అక్షరం వెంట అక్షరం చదివి, తేడాలన్నీ కార్డుల మీదకు ఎక్కించింది నేను. ప్రాచీన గ్రీకులో పట్టా నాది, ఆయనది వేదాంతంలో. ఈ సంగతి మా అత్తగారికి మింగుడు పడేది కాదు. నాకు ‘గ్రీకమ్మ’ అని పేరు పెట్టింది. “వాడు దేవుడి పని చేస్తున్నాడు. నువ్వు వాడి పని చెయ్యి గ్రీకమ్మా, అంతే చాలు” అనేది. వాడి పనే చేస్తున్నానని ఆవిడకు చెప్పినా అర్థమయ్యేది ఇంకో రకంగా.

రెండు నెలల కిందట ఒక పరిశోధకురాలి నుంచి ఆయన పేరున ఉత్తరం వచ్చింది. ఆ పదకొండింటిలో ఏడు ప్రతుల్లో, ఒకే చోట, ఒకే వరుస జారిపోయింది. కాబట్టి ఆ ఏడూ ఒకే తల్లిప్రతిని చూసి రాసుకున్నవి. వాటిని ఏడుగురు సాక్షులుగా కాక ఒక్కరిగానే లెక్కించాలి అని. పరీక్షలో ఏడుగురు పిల్లలు ఒకే తప్పు జవాబు రాస్తే ఏ పంతులమ్మకైనా వచ్చే అనుమానమే ఇది. పదకొండు కాస్తా ఐదయింది. నేను విశ్వాసినే. నా దృష్టిలో ఐదు తక్కువేమీ కాదు. ఆ భాగం ఐదింటి బలం మీద కూడా నిలుస్తుంది. కూలింది లేఖనం కాదు, మా ఆయన వేసిన అంకె.

ఆ రోజు ఉత్తరం చదివి ఆయన “ఇది మనం చూసుకోలేదే” అన్నారు.

“నేను చూశానండీ. మీకు చెప్పాను కూడా” అన్నాను.

చెవిలోని వినికిడి యంత్రాన్ని సర్దుకున్నారు. వారం గడిచాక ప్రచురణకర్తతో ఫోనులో “ప్రతులు చూసే పని ఇంట్లోవాళ్ళకి వదిలేశాను. అక్కడ జరిగింది పొరపాటు” అన్నారు. ఇంకో పది రోజులకు పాత శిష్యుడొకరు వస్తే, నేను టీ అందిస్తుండగానే కథ నిండుగా చెప్పారు. పుస్తకం రాస్తున్న రోజుల్లో మా పాపకు టైఫాయిడట, నేను మంచం వదిలేదాన్ని కాదట, కార్డులన్నీ కలిసిపోయాయట, పాపం ఆవిణ్ణి మాత్రం ఏమనగలమట. శిష్యుడు నావైపు జాలిగా తిరిగి “పిల్లలున్న ఇల్లు కదండీ అమ్మగారూ, ఎవరికైనా అవుతుంది” అన్నాడు. టీలో చక్కెర సరిపోయిందా అని అడిగి లోపలికి వచ్చేశాను.

ఒక కథనం చేతులు మారేకొద్దీ వివరాలు కూడగట్టుకుంటుందని మా శాస్త్రంలో మొదట నేర్పుతారు. ఇక్కడ చేతులు కూడా మారలేదు. మొదటిసారి లేని జ్వరం మూడోసారికి వచ్చి చేరింది. జ్వరం నిజమే, చిక్కంతా అక్కడే ఉంది. పాపకు టైఫాయిడ్ వచ్చిన ఆ మూడు వారాల్లోనే, మంచం పక్కన స్టూలు వేసుకుని, నుదుటి మీద తడిగుడ్డ మార్చే మధ్యలో, ఏడో ప్రతి చదివాను. ఆ వరుస అందులోనూ లేదు. లేచి ఆయన గదిలోకి వెళ్ళి చెప్పాను. కార్డు బల్ల మీద పెట్టాను. “ఇప్పుడు సాక్షుల్ని తగ్గిస్తే పుస్తకం పల్చబడిపోతుందోయ్. పాప ఏడుస్తున్నట్టుంది, చూడు” అన్నారు. పాప ఏడవడం లేదు, నిద్రపోతోంది. అయినా వెళ్ళి చూశాను.

ఆయన అబద్ధమాడుతున్నారా? ఈ ప్రశ్న నన్ను ఒకచోట కూర్చోనివ్వడం లేదు. కడిగిన కప్పులు మళ్ళీ కడుగుతున్నాను. అలమర తెరిచి, ఎందుకు తెరిచానో తెలియక మూస్తున్నాను. అబద్ధమైతే నాకు సులువయ్యేది. ఆయనకు నిజంగానే అలా గుర్తుంది. సంఘటనలకూ మొదటి సువార్తకూ మధ్య సుమారు నలభై ఏళ్ళున్నా భయం లేదు, ముఖ్యమైన సంగతిని మనిషి అంతకాలం మరచిపోడు అని అదే పుస్తకం రెండో అధ్యాయంలో ఆయన చెప్పారు, నేను రాశాను. ముఖ్యమైనది అంటే ఎవరికి అని అప్పుడు మేమిద్దరమూ అడగలేదు. ఆ ఏడు ప్రతుల సంగతి నాకు నా చదువు తేల్చిన ఒకే ఒక్క సత్యం. అందుకే ఆ మధ్యాహ్నం కిటికీ రెక్క ఎంతవరకు తెరిచి ఉందో కూడా చెప్పగలను. ఆయనకది పనిలో ఉన్న వేళ భార్య గదిలోకి రావడం. అది ఎవరికి గుర్తుంటుంది?

ఆ జ్వరం పడ్డ పాప ఇప్పుడు న్యాయవాది. నిన్న ఫోనులో చెప్పుకున్నాను.

“అమ్మా, నాన్నకి ఎనభై రెండు. ఇప్పుడు నీ మీద ఓ మాట పడితే ఏంటి, పడకపోతే ఏంటి? పోనిద్దూ.”

“కోర్టులో సాక్షికి కూడా ఇలాగే చెబుతావా?”

“సాక్షికి అవతలి పార్టీకి అన్నం పెట్టాల్సిన పని ఉండదు కదమ్మా.”

ఇద్దరం నవ్వుకున్నాం. ఫోను పెట్టేశాక ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ముద్రణలో ఎక్కిన మాట రాబోయే తరాలకు సాక్ష్యమవుతుందని దాన్ని కనిపెంచిన నాకు తెలుసు, దానికి తెలియదు. రేపు ఇంకెవరో ఈ ముందుమాటను ఉదహరిస్తారు. దాన్ని చూసి మరొకరు. ఏడు పుస్తకాల్లో నేను ధ్యాసలేని ఆడదాన్నవుతాను, ఏడింటికీ తల్లి ఈ ఒక్క వాక్యం.

“ఆగిపోయావేం?” అన్నారు ఆయన.

లేచి కార్డుల పెట్టె దించుకొచ్చాను. వెతకనక్కర్లేకపోయింది, ఆ కార్డు ఎక్కడుందో నాకెప్పుడూ తెలుసు. పైన తేదీ, కింద ఏడు ప్రతుల సంఖ్యలు, ‘వీటికి తల్లిప్రతి ఒక్కటే. సాక్షులు ఐదుగురే’ అని నా రాత. అడుగున వంకరగా ఆయన రాత: ‘అనవసరం’.

ఆయన దాన్ని భూతద్దంతో చాలాసేపు చూశారు. నేను నిలబడే ఉన్నాను.

“ఈ కింది మాట నాదే” అన్నారు చివరికి. “దేని గురించి రాశానో మరి. పైదంతా నువ్వు తర్వాతెప్పుడో చేర్చి ఉండొచ్చు. తేదీదేముంది, ఎప్పుడైనా వెయ్యొచ్చు.”

గొంతులో కోపం లేదు. తరగతిలో ఒక అవకాశాన్ని సూచించినట్టు సూచించారు. వెయ్యేళ్ళ కిందట ఏ మఠంలోనో కూర్చుని, పేరైనా చెప్పకుండా పోయిన లేఖకుడు ప్రతి చివర వేసిన తేదీని ఆయన ఎన్నడూ శంకించలేదు.

“సరే, కానీ. ‘తల్లిగా ఆమె పరిస్థితిని అర్థం చేసుకోగలను’ అని రాయి.”

“నేను రాయనండీ.”

“చెయ్యి నొప్పిగా ఉందా?”

“లేదు. మీకు గుర్తున్నది మీరు రాసుకోండి. నేను చూసింది నేను రాస్తాను.”

“ఈ వయసులో మనకిదేంటోయ్” అన్నారు. ఆ తర్వాత, “సోమవారానికి పంపాలి కదా” అన్నారు.

కలం, కార్డు తీసుకుని పక్కగదిలోకి వెళ్ళాను. పరిశోధకురాలి చిరునామా కవరు మీద రాశాను. ఉత్తరం ఐదు వాక్యాలకంటే పెరగలేదు.

‘మీ లెక్క సరైనదే. ఆ పదకొండు ప్రతులూ చదివింది ఆయన కాదు, నేను. అప్పుడు నేనూ ఐదనే తేల్చాను. కార్డు మీది తేదీని నా మాట మీద నమ్మవద్దు. అసలు కార్డే పంపుతున్నాను, సిరాతో సహా పరీక్షించుకోండి.’