కంచెకు గౌను కత్తిరింపు

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు గానీ, ఆ ఇంట్లో రెండు కత్తెరలు ముప్పై ఏళ్లుగా కాపురం చేస్తున్నాయి. ఆయనది సెలూన్, ఆవిడది గౌన్లు కుట్టే పని. ఇన్నేళ్లూ అద్దె గదుల్లో మెడ వంచుకుని కుట్టిన ఆవిడకు, సొంత ఇల్లు అమరగానే ఒకటే కోరిక: మిషన్ వాకిట్లో వేసుకుని హాయిగా గాలికి కుట్టుకోవాలి. కానీ వాకిలికీ రోడ్డుకూ బారెడే దూరం. పోయే ప్రతివాడూ తొంగి చూస్తే పని సాగినట్టే! అందుకే కంచె పెట్టాలనుకుంది.

డబ్బాల్లో పెంచిన నలభై మొక్కల్ని, వేళ్ల చుట్టూ మట్టి రాలకుండా తీసి, మబ్బు పట్టిన రోజు చూసి వరసగా నాటింది. నలభైకి నలభై బతికాయి. ఆవిడ సంబరం ఇంతా అంతా కాదు.

కత్తిరించే పని మాత్రం ఆయన లాక్కున్నాడు.

"కత్తెర పట్టడం నాకు నేర్పుతావా?"

ఏడాది పాటు తలకు చేసినట్టే చేశాడు. పైన ఒత్తుగా, కిందికి వచ్చేకొద్దీ సన్నగా. చూసినవాళ్లు భేష్ అన్నారు. కానీ పైకొమ్మల నీడకు కింది ఆకంతా రాలి, మోకాళ్ల దాకా ఉత్త పుల్లలే మిగిలాయి. ఇక వాకిట్లో మిషన్ వేస్తే, అదీ ఆవిడ కాళ్లూ రోడ్డంతటికీ దర్శనమే.

ఆవిడకు ఒళ్లు మండింది. "ఇది తల కాదండీ, గౌను! పైన బిగుతు, కింద వెడల్పు. అప్పుడే ఎండ అడుగుదాకా తగులుతుంది."

"ఇప్పుడేం చేద్దామంటావ్?"

"జానెడుంచి కోసేద్దాం."

ఆయన చూడలేక కత్తెర ఆవిడ చేతికిచ్చి లోపలికి పోయాడు. ఆవిడకూ భయమే. ఒక్కటి చచ్చినా ఆ మాట జీవితాంతం పడాలి. అయినా నలభై మొక్కల్నీ కోసేసింది.

ఇరవై రోజులకు మోడుల అడుగునే గుత్తులు గుత్తులుగా చిగుళ్లొచ్చాయి. అప్పట్నుంచీ కత్తిరింపు ఆవిడదే. మరుసటి ఏడాదికి కంచె నేలదాకా కమ్ముకుంది.

మిషన్ వాకిట్లోకి వచ్చిన మొదటి రోజు, ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తోంది. కంచె అవతల ఎవరో ఆయన్ని ఆపారు.

"కంచె అదిరిందండీ! మీ చేతి చలవేనా?"

"నా మొహం! నేను పాడుచేశాను. మా ఆవిడ నిలబెట్టింది. దాని కత్తెర ముందు నాదెంత!"

ముప్పై ఏళ్లలో మహానుభావుడు ఈ మాట ఎదురుగా ఒక్కసారీ అనలేదు. ఆవిడ పొంగిపోయింది. కళ్లు చెమర్చి, సూది బెజ్జం ఎంతకీ కనిపించలేదు.