మెట్లు అయిపోతున్నాయి

"తప్పు వాయించినా ఫరవాలేదు," అంది టీచరమ్మ, హాలు వేదిక తెర పక్కన నిలబడి. "మధ్యలో ఆగావో, నీకూ నాకూ చెల్లు. మళ్ళీ నా గుమ్మం తొక్కొద్దు."

క్రేన్ బాబాయి తలూపాడు. నలభై దాటిన మనిషి. పొద్దంతా ఆకాశంలో అద్దాల గదిలో కూర్చుని టన్నుల బరువున్న దూలాలు దించుతాడు. అలాంటివాడు ఇప్పుడు తెర సందులోంచి జనాన్ని లెక్కపెడుతున్నాడు. ఏడాదిగా ఆవిడ ఇంటికెళ్ళి పియానో నేర్చుకుంటున్నాడు. వారంలో ఆ ఒక్క గంట కోసమే బతుకుతున్నాడని పెళ్ళాం గొడవ. నిజమే మరి. ఆవిడ పొమ్మంటే ఆ గంట పోతుంది.

"బావా, పియానో వాయించడానికేనా పిలిచారు, ఎత్తడానికా?" అన్నాడు ముందు వరసలోంచి బావమరిది, ఇద్దరూ వేదిక మీదకి రాగానే.

"నోరు మూసుకుని విను. వింటే బిల్లు రాదులే."

ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చున్నారు. ఎడమ వైపు టీచరమ్మ, కుడి వైపు బాబాయి. ఒకే పియానో. ఆవిడవి రెండు చేతులు, అతనిది ఒక్క కుడి చెయ్యి. టీచరమ్మ ఇంట్లో బాబాయికో కిటుకు ఉంది. పియానో మూతలో తాళంచెవి దూర్చే కన్నుకి ఎదురుగా ఉన్న తెల్ల మెట్టు మీద బొటనవేలు పెడితే చాలు, మిగతా వేళ్ళు వాటి చోట్లు అవే చూసుకుంటాయి. ఈ సంగతి ఆవిడకి తెలీదు. ఇక్కడా తాళం కన్ను కనబడింది. వేలు పెట్టాడు. ఆవిడ తలాడించింది. మొదలెట్టారు.

మొదటి స్వరానికే గుండె ఝల్లుమంది. పాట పిట్ట కూతలా సన్నగా వస్తోంది. హాలు పియానోకి తాళం కన్ను కుడి పక్కకి ఉంది. తను ఒక స్థాయి పైన వాయిస్తున్నాడు.

టీచరమ్మ మొహంలో ఏమీ లేదు. ఆవిడ తన చేతులు ఆపలేదు.

'పోనీ, ఇలాగే లాగించేద్దాం' అనుకున్నాడు. మరుక్షణం గుర్తొచ్చింది. పాట మూడుసార్లు పైకెక్కుతుంది, ఎక్కిన ప్రతిసారీ ఇంకాస్త ఎత్తుకి. ఇక్కణ్ణుంచి మూడోసారి ఎక్కితే మెట్లు చాలవు. చివర చెక్క తగులుతుంది.

మొదటిసారి ఎక్కాడు, దిగాడు. చెమట కళ్ళలోకి కారుతోంది. రెండోసారి ఎక్కితే చిటికెనవేలు అంచు దాకా వెళ్ళొచ్చింది. బావమరిది వెటకారం మానేసి ముందుకి వంగాడు. వాడికి సంగీతం తెలీదు గానీ, బావ మొహం తెలుసు.

మూడోసారికి ముందు చిన్న విరామం. ఊపిరి తీసుకునేంత. అందులోనే చెయ్యి ఒక స్థాయి కిందికి దూకాలి. దూకడం ఎప్పుడూ నేర్చుకోలేదు. గురి తప్పితే వేళ్ళు ఆగుతాయి. వేళ్ళు ఆగితే అంతా ఆగుతుంది.

క్రేన్‌లో అతను బరువు వంక చూడడు. అది దిగాల్సిన చోటు చూస్తాడు. ఇప్పుడూ చేతిని వదిలేసి, కింద ఖాళీగా తెల్లగా మెరుస్తున్న ఆ ఒక్క మెట్టునే చూశాడు.

చెయ్యి లేచింది. దిగింది.

అసలు గొంతు పలికింది. నిండుగా, బరువుగా, టీచరమ్మ స్వరాలకి భుజం ఆనించి. ఇద్దరూ కలిసి ఎక్కారు, ఎక్కారు, కొసకి చేరి దిగారు. బాబాయికి ఒళ్ళంతా పులకరించింది. ఏడాదిలో ఒక్కసారీ ఇంత హాయిగా వాయించలేదు.

చప్పట్లలో ఆవిడ తల తిప్పకుండా అడిగింది.

"మొదటి స్వరానికే తెలిసిందా?"

"తెలిసిందండి."

"మరి ఆగలేదేం?"

"మీరే కదండీ ఆగొద్దన్నారు."

"ఏడాదంతా మెట్టు మెట్టు దగ్గరా ఆగేవాడివి. ఈ బెదిరింపు ముందే పెట్టాల్సింది." ఆవిడ పెదవి చివర చిన్న నవ్వు. "మంగళవారం కొత్త పాట తీద్దాం. నీకిప్పుడు ఇంటికెళ్ళాలనుందా?"

"లేదండి. మళ్ళీ వాయించాలనుంది. మొదటినించీ, సరైన చోట."

జనం లేచి తలుపు వైపు కదులుతున్నారు. హాలు మనిషి కుర్చీలు మడుస్తున్నాడు. టీచరమ్మ బల్ల మీద కాస్త ఎడమకి జరిగింది.

"అయితే కానియ్," అంది.