నాకు సరిపోయినవాడు

సరిపోయాడు, ఇన్నాళ్ళకి నాకు సరిపోయినవాడు దొరికాడు, లిఫ్టు ఉన్నా మెట్లమీదుగానే దిగుతున్నాను, కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి, అంతసేపూ చీవాట్లు తిన్నవాడికి ఇంత హాయి ఏమిటో, కౌన్సెలింగంటే ఇలా ఉండాలి, మొహం పట్టుకుని నాలుగు దులపాలి, ఇంటికెళ్ళగానే మా ఆవిడతో చెప్పాలి, కుదిరాడు, ఇక ఆ సర్దిపెట్టుకున్న బట్టల పెట్టె విప్పెయ్ అని, ఆ పెట్టె మొదట మంచం కింద ఉండేది, తర్వాత మూలకి వచ్చింది, ఇప్పుడు వీధి తలుపు పక్కకి చేరింది, ఎవరికైనా చూపించుకో, లేదంటే పిల్లని తీసుకుని మా అన్నయ్య దగ్గరికి పోతాను, నీ నోటికి అది బలైపోతోంది అంది, నా నోటికట, నేనేమన్నానని, కన్నకూతుర్ని కాస్త ఆటపట్టించే హక్కు కూడా లేదా, అయినా సరే అన్నాను, వెతికాను, చెప్పులరిగేలా తిరిగాను, ఇతను మూడోవాడు.

మొదటావిడ మరీ చిన్నపిల్ల, నేను నోరు విప్పకముందే ఆవిడే మొదలుపెట్టింది, ఈరోజు ఒకరినొకరు తెలుసుకోవడానికే అండీ, మీరు చెప్పింది ఈ గది దాటి పోదు, ఎవరి ప్రాణానికైనా ముప్పుంటే తప్ప, నేను మందులు రాయను, తప్పెవరిదో తేల్చను, కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో ఇంకా బాధగా అనిపించినా కంగారుపడకండి, నాతో మీకు కుదరకపోతే మొహమాటపడకుండా చెప్పండి, ఇంకొకరి దగ్గరికి నేనే పంపిస్తాను అంది, ఓర్నీ, బేరం చేతకాని మనిషి, వచ్చినవాణ్ణి పక్క కొట్టుకి పంపుతానంటుందేమిటి అనుకున్నాను, అయినా పోనీలే అని మా అమ్మ సంగతి చెప్పాను, చిన్నప్పుడు నా పళ్ళు ఎత్తుగా ఉండేవి, చుట్టాలొస్తే అమ్మ నన్ను పిలిచి నిలబెట్టి, వీడు మా మూతపడని డబ్బా అనేది, ఇల్లంతా నవ్వేవాళ్ళు, నేనూ అరచెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవాణ్ణి, బాగుంటుంది కదా జోకు, ఈ పిల్లేమో నవ్వలేదు, అప్పుడు మీకెలా అనిపించింది అని అడిగింది, ఎలా అనిపిస్తుంది, నవ్వొచ్చింది అన్నాను, అప్పుడూ నవ్వలేదు, పైగా నాకేసి జాలిగా చూసినట్టు చూసింది, ఒళ్ళు మండిపోయింది, ఆ గదిలో అంత మెత్తటి కుర్చీలో కూడా నాకు కూర్చోబుద్ధి కాలేదు, మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

రెండో ఆయన పెద్దాయన, నేను వాగినంతసేపూ విన్నాడు, చివర్న ఒకే ఒక్క మాట, మీ పాప మీతో ఒక మాట మొదలుపెట్టి మొత్తం తనే పూర్తిచేసింది ఈమధ్య ఎప్పుడండీ అని, నాకేం గుర్తుంటుందండీ, దానికి నత్తి, అది మొదలుపెడితే తెమలదు, నేనే పూర్తిచేసేస్తాను, దానికీ శ్రమ తప్పుతుంది కదా అన్నాను, ఆయన తలూపాడు, వచ్చేవారం అక్కణ్ణించి మొదలుపెడదాం అన్నాడు, ఎక్కణ్ణించి, మొదలుపెట్టడానికి అక్కడేముందని, చల్లగా వచ్చేశాను, మా ఆవిడ అడిగితే ఆయనకి చెవుడు అని చెప్పాను.

బస్సులో కిటికీ సీటే దొరికింది, అంతా కలిసొస్తున్న రోజు, ఈ మూడో అతనిది మాత్రం మాట కాదు, కొరడా, గుమ్మంలోనే ఏమయ్యా, ఎంతమందిని విసిగించి వచ్చావు నా దగ్గరికి అన్నాడు, అండీ లేదు గిండీ లేదు, నీలాంటివాళ్ళని చూడగానే చెప్పేస్తాను, చేతకానివాడు పెళ్ళాం మాటకి భయపడి వచ్చాడని, నేను నవ్వాను, ఏం పని చేస్తావన్నాడు, కట్టుడు పళ్ళ సెట్లు చేస్తానండీ అన్నాను, నీ పళ్ళకంటే బాగానే చేస్తావా అన్నాడు, ఇంకా నవ్వాను, వెన్ను కుర్చీకి ఆనించి ఎన్నేళ్ళ తర్వాతో సర్దుకుని కూర్చున్నాను, పిల్ల గురించి చెబితే చెయ్యి ఊపేశాడు, నీకు పుట్టినదానికి మాట తిన్నగా వస్తే వింతగాని రాకపోతే వింతేముందయ్యా అన్నాడు, దానికీ నవ్వాను, అరచెయ్యి, అవును, నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని, నా పళ్ళు తిన్నగా చేయించుకుని ఎన్నేళ్ళయిందో, ఇంకా ఆ చెయ్యెందుకు లేచిందో, అలవాటు, పోనీ.

కండక్టరు నవ్వితే ముందు పన్ను విరిగి ఉంది, ఎవరి నోరు చూసినా నాకు పనే కనిపిస్తుంది, ఆమధ్య నా దగ్గరికొచ్చిన ఓ రిటైరైన హెడ్మాస్టరు గుర్తొచ్చాడు, ఎవరో వంకరగా చేసిచ్చిన సెట్టు ఏళ్ళ తరబడి వాడాడు, నేను ప్రాణం పెట్టి కొత్తది చేస్తే నా బల్లమీద విసిరికొట్టాడు, ఇది గుచ్చుతోంది, నా పాతదే అమృతం అని, మాస్టారూ, తప్పు సెట్టు పెట్టుకుని పెట్టుకుని మీ దవడే దానికి తగ్గట్టు వంకర తిరిగింది, అందుకే సరైనది పెడితే గుచ్చుతుంది, వంకరది పెడితే హాయిగా ఉంటుంది, పెట్టుకోగానే హాయిగా ఉందంటే మేం అక్కడే అనుమానిస్తాం, కొన్ని వారాలు ఓర్చుకోండి అని చెప్పాను, విన్నాడా, వినలేదు, పాతదే పెట్టుకుని వెళ్ళిపోయాడు, మూర్ఖుడు, ఇప్పుడు ఆయనెందుకు గుర్తొచ్చాడో, కొన్ని వారాలు, ఆ మొదటావిడ కూడా ఇదే మాట, ఛ, స్టాపు దాటిపోయేలా ఉంది, దిగాలి.

బెల్లు కొట్టగానే పిల్లే తలుపు తీసింది, పెట్టె ఇంకా తలుపు పక్కనే ఉంది, నా నా నాన్నా, ఇ ఇ ఇవాళ స్కూల్లో అంది, మొహం వెలిగిపోతోంది, ఏదో జరిగింది, మంచిదే, నా నోరు నాకంటే ముందే తెరుచుకుంది, ఏమ్మా నత్తి రాణీ, తెల్లారేలోపు పూర్తవుతుందా అంది, పిల్ల ఆగిపోయింది, ఆ తర్వాత నవ్వింది, నేను ఎప్పుడూ మా ఆవిడకి చెప్పేది ఇదే, చూడు, దానికి బాధే లేదు, నవ్వుతోంది అని, ఇప్పుడూ నవ్వుతోంది, నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని, దాని పళ్ళు ముత్యాల్లా ఉంటాయి, దాచుకోవాల్సిన పళ్ళు కావు, ఆ చెయ్యి దానికెక్కడిది, ఆ చెయ్యి నాది, చుట్టాల మధ్య నిలబడ్డ నాది, వంటింట్లోంచి మా ఆవిడ, కుదిరాడా ఇతనైనా, అని అడుగుతోంది, సరిపోయాడన్న మాట నాలుక మీదే ఉంది, బయటికి రావడం లేదు, న న నాకు అంటున్నాను, పూర్తిచేసేవాళ్ళు లేరు, రేపు ఈ పిల్ల పెద్దదవుతుంది, మంచివాళ్ళు ఎదురైతే గుచ్చుకుంటున్నారని లేచి వచ్చేస్తుంది, మెత్తటి కుర్చీల్లో కూర్చోలేకపోతుంది, ఊరంతా వెతికి వెతికి చివరికి ఎవణ్ణో ఒకణ్ణి తెచ్చి నా ముందు నిలబెడుతుంది, వాడు దాన్ని పదిమందిలో ఒక మాట అంటాడు, ఇది అరచెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతూ, ఇతను నాకు సరిపోయాడు నాన్నా అంటుంది.